బాంబు కంటితో చూసిన యుద్ధం

(తెర మీది యుద్ధాలు – 6)

1991 జనవరి 17. బాగ్దాద్‌లో తెల్లవారుజాము రెండున్నర దాటింది. అల్ రషీద్ హోటల్ తొమ్మిదో అంతస్తు గదిలో ముగ్గురు మనుషులు కిటికీ పక్కన నక్కి, ఒకే మైకును ఒకరి చేతిలోంచి ఒకరు అందుకుంటూ మాట్లాడుతున్నారు. బెర్నార్డ్ షా, పీటర్ ఆర్నెట్, జాన్ హాలిమన్. ముగ్గురూ సీఎన్ఎన్ విలేకరులు. బయట విమాన విధ్వంసక తుపాకుల గుళ్లు నిప్పు దారాల్లా ఆకాశంలోకి ఎగబాకుతున్నాయి. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆపి, మైకును కిటికీ బయటికి చాపి, ఆ మోతనే వినిపిస్తున్నారు. అమెరికాలో అప్పటికింకా 16వ తేదీ సాయంత్రమే. జనం పనుల నుంచి ఇళ్లకు చేరి టీవీల ముందు కూర్చునే వేళ.

టీవీలో ప్రత్యక్షంగా చూసిన మొదటి యుద్ధం అని ఆ రాత్రి గురించి చెప్పుకుంటారు. తీరా ఆ మొదటి గంటల్లో చూడ్డానికి ఏమీ లేదు. తెర మీద ఒక మ్యాపు, పక్కన విలేకరుల ఫోటోలు, అంతే. వచ్చిందంతా గొంతు. మిగతా సంస్థల టెలిఫోన్ లైన్లు బాంబులు పడగానే ఒక్కొక్కటే చచ్చిపోయాయి. సీఎన్ఎన్ మాత్రం ముందుచూపుతో ఇరాక్ ప్రభుత్వాన్ని నెలల తరబడి అడిగి, బాగ్దాద్ ఎక్స్ఛేంజీతో పని లేకుండా నేరుగా అమ్మాన్ దాకా వెళ్లే ‘ఫోర్ వైర్’ లైను ఒకటి వేయించుకుంది. ఆ తీగ తెగలేదు. అమెరికా రక్షణమంత్రి డిక్ చేనీ సైతం ఆ సాయంత్రం పెంటగాన్‌లో విలేకరుల ముందుకొచ్చి, బాగ్దాద్‌లో జరుగుతున్నదాని గురించి తాను చూసినవాటిలో సీఎన్ఎన్‌దే మేలైన కథనమని మెచ్చుకున్నారు. టెడ్ టర్నర్ 1980లో అట్లాంటాలో పెట్టిన ఛానెల్ అది. రోజంతా వార్తలెవరు చూస్తారని మొదట్లో చాలామంది పెదవి విరిచారు. ఒక్క రాత్రితో ప్రపంచమంతా దానివైపు తిరిగింది.

ఆ గొంతుల్లో భయం ఉంది, తడబాటు ఉంది. కింద ఒక ఊరుందన్న స్పృహ ఉంది. ఆ రాత్రి రిపోర్టింగు నాకు నిజాయితీగా తోస్తుంది, ఎందుకంటే చూసింది చూసినట్టు, తెలియనిది తెలియదన్నట్టు చెప్పారు. బొమ్మలు రావడం మొదలయ్యాకే అసలు కథ మారింది.

అది ఎలా మారిందో అర్థం కావాలంటే గత వారం మనం ఆగిన వియత్నాం దగ్గరికి ఒకసారి వెళ్లిరావాలి. అక్కడ చిన్న ఆఫీసర్లుగా పనిచేసిన కోలిన్ పావెల్, నార్మన్ ష్వార్జ్‌కాఫ్ ఇరవయ్యేళ్ల పైచిలుకు గడిచేసరికి జనరళ్లయ్యారు. ఒకరు సేనాధిపతుల మండలికి అధ్యక్షుడు, ఇంకొకరు గల్ఫ్ యుద్ధ దళాలకు అధిపతి. వియత్నాంలో తమను ఓడించింది టీవీయేనన్న నమ్మకం వాళ్ల తరం సైన్యంలో వేళ్లూనుకుపోయింది. డేనియల్ హాలిన్ లాంటి పరిశోధకులు 1980లలోనే పాత టేపులన్నీ తిరగేసి, టీవీ జనాభిప్రాయాన్ని నడిపించిందనేకంటే దాని వెనకాల నడిచిందనడమే సరైందని చూపించారు. ఆ మాట సైన్యం చెవికెక్కలేదు. 1983లో గ్రెనడా మీద దాడి చేసినప్పుడు మొదటి రెండు రోజులు విలేకరులెవరినీ దీవి మీద కాలు పెట్టనివ్వలేదు. 1989 డిసెంబరులో పనామా మీద దాడికి విలేకరులను తీసుకెళ్లారు గానీ, అసలు పోరాటం అయ్యాక తీసుకెళ్లారు.

పనామా రోజుల్లోనే ఇంకొకటి జరిగింది. అధ్యక్షుడు జార్జ్ బుష్ విలేకరులతో సరదాగా మాట్లాడుతున్నారు. సరిగ్గా అదే సమయానికి డెలావేర్ రాష్ట్రంలోని డోవర్ వైమానిక స్థావరంలో చనిపోయిన సైనికుల శవపేటికలు దిగుతున్నాయి. కొన్ని ఛానెళ్లు తెరను రెండుగా చీల్చి రెండూ పక్కపక్కనే చూపించాయి. ఒక సగంలో నవ్వు, ఒక సగంలో జెండా కప్పిన పెట్టెలు. ఆ బొమ్మను శ్వేతసౌధం మరిచిపోలేదు. ఈ డోవర్ పేరు గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

1990 ఆగస్టు 2న సద్దాం హుస్సేన్ కువైట్‌ను ఆక్రమించాక సౌదీ అరేబియాలో వెయ్యిమందికి పైగా విలేకరులు చేరారు. యుద్ధం దగ్గరికి వెళ్లాలంటే ‘పూల్’లో చేరాలి. అంటే కొద్దిమందిని ఎంపిక చేసి, పక్కనే ఒక సైనికాధికారిని పెట్టి, సైన్యం చూపించిన చోటికి తీసుకెళ్తారు. వాళ్లు తీసింది, రాసింది ముందు సైన్యం చూడాలి, తర్వాత మిగతావాళ్లంతా పంచుకోవాలి. పూల్‌లో చోటు దొరకనివాళ్లు ధహ్రాన్, రియాద్ హోటళ్లలో కూర్చుని బ్రీఫింగులకు హాజరవడమే. సీబీఎస్ విలేకరి బాబ్ సైమన్ ఈ పద్ధతి నచ్చక తన బృందంతో సొంతంగా సరిహద్దు వైపు వెళ్లారు. ఇరాకీ సైనికులకు చిక్కి 40 రోజులు బందీగా ఉండి బయటపడ్డారు.

ఇప్పుడు ఆలోచించండి. ఇరవై నాలుగు గంటలూ నడిచే ఛానెల్‌కు ఇరవై నాలుగు గంటలూ మేత కావాలి. ముందువరసకు వెళ్లే దారి మూశారు. ఆకలితో ఉన్నవాడి ముందు విస్తరి వేసింది కూడా ఆ దారి మూసినవాళ్లే. యుద్ధం మొదలైన మర్నాడు, జనవరి 18న, వైమానిక దాడులకు అధిపతి అయిన జనరల్ చార్లెస్ హార్నర్ రియాద్‌లో ఒక వీడియో వేసి చూపించారు. బాగ్దాద్‌లో ఇరాక్ వైమానిక దళ కార్యాలయం. నలుపు తెలుపు బొమ్మ. మధ్యలో గురి గీతలు. భవనం పైనుంచి కనిపిస్తుంది. కదలని భవనం, కదలని గీతలు. ఒక్క క్షణం తర్వాత గోడలు బయటికి ఉబికి పొగ.

ఈ వీడియో ఎలా వస్తుందో చెప్పుకోవాలి, ఎందుకంటే కథంతా అందులోనే ఉంది. లేజర్‌తో నడిచే బాంబుకు దారి చూపడానికి విమానంలో వేడిని పసిగట్టే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా ఉంటుంది. పైలట్ దాంతో లక్ష్యం మీద లేజర్ కిరణాన్ని నిలిపి ఉంచుతాడు, బాంబు ఆ వెలుగు పడిన చోటికి దిగుతుంది. ఇంకో రకం బాంబులకు, క్షిపణులకు ముక్కులోనే కెమెరా ఉంటుంది. అవి లక్ష్యం వైపు దూసుకెళ్తుంటే కిటికీ పెద్దదవుతుంది, తలుపు పెద్దదవుతుంది, ఆఖరి క్షణంలో తెర చెదిరి చుక్కలు చుక్కలవుతుంది. అక్కడితో బొమ్మ అయిపోయింది. లోపలి మనిషికి అప్పుడే మొదలయింది. గురి కుదిరిందా లేదా చూసుకోవడానికి సైన్యం తన కోసం తీసుకున్న రికార్డు అది. వార్తల కోసం తీసింది కాదు. దాన్ని వార్తగా వేయడంతో కోట్లమంది ప్రేక్షకులకు బాంబు వేసేవాడి కళ్లద్దాలు తగిలించినట్టయింది.

మా ఇంట్లో సాలిడేర్ బ్లాక్ అండ్ వైట్ టీవీ ఉండేది. పెద్ద నగరాల్లో, పెద్ద హోటళ్లలో డిష్‌లతో సీఎన్ఎన్ చూసేవాళ్లట. ఆ యుద్ధమే మన దేశంలో కేబుల్ వ్యాపారానికి ఊపు తెచ్చింది. కడప జిల్లాలో ఉన్న మాకు దూరదర్శన్ రాత్రి వార్తలే గతి. ఆ బాంబు వీడియో మొదట్నుంచీ నలుపు తెలుపే గనక, అమెరికాలో రంగుల టీవీ ఉన్నవాళ్లకు ఎలా కనిపించిందో మాకూ అచ్చం అలాగే కనిపించింది. వీధిలో సగంమంది మా వసారాలో ఉన్నారు. గురి గీతల మధ్య భవనం ఉబ్బి పేలగానే కుర్రాళ్లం ‘అబ్బ!’ అని చప్పట్లు కొట్టాం. మా వెనక అరుగు మీద మా మామ కూర్చుని ఉన్నాడు. కువైట్‌లో ఆరేళ్లు పనిచేసి, ఆగస్టులో ఉన్నదంతా పోగొట్టుకుని, బస్సుల్లో బాగ్దాద్ మీదుగా జోర్డాన్ సరిహద్దు చేరి, ఎడారిలో గుడారాల్లో పడుండి, అమ్మాన్ నుంచి ఎయిరిండియా విమానమెక్కి బొంబాయిలో దిగిన మనిషి. అప్పుడలా వచ్చినవాళ్లు లక్షా డెబ్బై వేల దాకా ఉంటారు. మా చుట్టుపక్కల ఊళ్లలో, గోదావరి జిల్లాల్లో అలాంటి మామ లేని వీధి తక్కువ. ఆయన చప్పట్లు కొట్టలేదు.

“బిల్డింగంటే కింద హారిస్ అని ఒకడుంటాడు రా,” అన్నాడు. “మెట్ల కింద గదిలో పండుకోని ఉంటాడు. వాడెట్లొస్తాడు బయటికి?”

హారిస్ అంటే కువైట్‌లో భవనాల కాపలాదారు. నీళ్లు ఎక్కించేదీ, మెట్లు ఊడ్చేదీ, రాత్రి గేటు వేసేదీ అతనే. ఎక్కువగా మన దేశంవాడో, బంగ్లాదేశ్ వాడో, ఈజిప్టు వాడో అయ్యుంటాడు. ఆ భవనం బాగ్దాద్‌ది, కువైట్‌ది కాదని మామకు తెలియక కాదు. భవనం ఎక్కడున్నా మెట్ల కింద ఎవరో ఒకరు ఉంటారని ఆయనకు తెలుసు, మాకు తెలియదు. మాకు కనిపించింది పైకప్పే.

జనవరి 30న ష్వార్జ్‌కాఫ్ స్వయంగా ఇంకో వీడియో చూపించారు. ఒక వంతెన. గురి గీతలు దాని మీద. ఒక వాహనం ఆ గీతల మీదుగానే దాటి ఆవలి ఒడ్డు చేరుతుంది, వెంటనే వంతెన పేలుతుంది. ఇరాక్‌లోకెల్లా అదృష్టవంతుడు ఇతనేనని జనరల్ అన్నారు. గదిలో విలేకరులు నవ్వారు. ఆ ఆరు వారాల యుద్ధంలో గురి గీతల మధ్య మనిషి జాడ తెలిసిన బొమ్మను ప్రేక్షకుడికి చూపించడమే అరుదు. చూపించినప్పుడు బతికినవాణ్ణే చూపించారు.

లెక్కలు యుద్ధం ముగిశాక బయటికొచ్చాయి. అమెరికా విమానాలు వేసినవి సుమారు 88,500 టన్నుల బాంబులు. వాటిలో ఇలా దారి చూపించి దించిన ‘స్మార్ట్’ బాంబులు దాదాపు 8 శాతం. మిగతా 92 శాతం రెండో ప్రపంచయుద్ధ కాలం నాటివాటిలాగా పైనుంచి వదిలేస్తే పడిన చోట పడేవి. బీ-52 విమానాలు ఎడారిలో ఇరాకీ దళాల మీద గుమ్మరించినవి అవే. వాటికి కెమెరా ఉండదు. కెమెరా లేని 92 శాతం తెర మీదికి దాదాపుగా రాలేదు, కెమెరా ఉన్న 8 శాతంలోనూ గురి తప్పినవి రాలేదు. అబద్ధం ఒక్కటీ చెప్పకుండానే, చూపించిన ప్రతి బొమ్మా నిజమే అయినా, మొత్తం మీద జనం మనసులో పడిన యుద్ధం వేరు, జరిగిన యుద్ధం వేరు. టీవీ గురించి నన్ను ఎప్పుడూ కలవరపెట్టేది ఇదే. ‘సర్జికల్’ అనే మాట అప్పుడే బాంబుల పక్కన స్థిరపడింది, ఆపరేషన్ థియేటర్లో కత్తి పట్టిన డాక్టరు మీద మనకుండే నమ్మకాన్ని బాంబుకు అరువిచ్చింది. పాతికేళ్లకు ఆ మాట మన టీవీ స్టూడియోలకూ వచ్చింది.

అబద్ధాలు అసలే లేవనీ కాదు. 1990 అక్టోబరు 10న వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సభ్యుల మానవ హక్కుల బృందం ముందు నయీరా అనే పదిహేనేళ్ల కువైటీ అమ్మాయి కన్నీళ్లతో చెప్పింది: ఆస్పత్రిలో ఇరాకీ సైనికులు పసికందులను ఇంక్యుబేటర్లలోంచి తీసి నేల మీద వదిలేయడం కళ్లారా చూశానని. ఆ వీడియో అమెరికా అంతా తిరిగింది. అధ్యక్షుడు బుష్ పదే పదే ఆ సంగతి ఎత్తారు, సెనేటర్లు ఎత్తారు. 1991 జనవరి 12న సెనేట్ 52-47 ఓట్లతో, అంటే బొటాబొటి మెజారిటీతో, యుద్ధానికి అనుమతిచ్చింది. ఆ అమ్మాయి అమెరికాలో కువైట్ రాయబారి కూతురని, సాక్ష్యాన్ని తీర్చిదిద్దింది కువైట్ డబ్బుతో పనిచేసిన హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థ అని 1992 జనవరిలో పాత్రికేయుడు జాన్ మెక్‌ఆర్థర్ బయటపెట్టారు. అప్పటికి యుద్ధం అయిపోయి ఏడాది కావస్తోంది. ఇంక్యుబేటర్ల కథకు ఆధారాలు దొరకలేదు. కువైట్‌లో ఇరాకీ సైన్యం చేసిన హత్యలు, చిత్రహింసలు మాత్రం నిజం. ఆ నిజానికి ఈ కల్పన అవసరమే లేదు. కల్పన కలిపినందుకు నిజంగా చచ్చినవాళ్ల మాట కూడా తర్వాత్తర్వాత అనుమానంగా వినే పరిస్థితి వచ్చింది. నాకు ఎక్కువ కోపం తెప్పించేది అదే.

యుద్ధం నడుస్తుండగానే, ఫిబ్రవరిలో, మసాచుసెట్స్ విశ్వవిద్యాలయానికి చెందిన ముగ్గురు పరిశోధకులు డెన్వర్ ప్రాంతంలో జనాన్ని ప్రశ్నలడిగారు. ఎంత టీవీ చూస్తున్నారు, యుద్ధం గురించి ఏం తెలుసు, సమర్థిస్తున్నారా. ఎక్కువ టీవీ చూసినవాళ్లకు ఆ ప్రాంతపు రాజకీయం గురించి తక్కువ తెలుసని, వాళ్లే యుద్ధాన్ని ఎక్కువ సమర్థిస్తున్నారని తేలింది. శత్రు క్షిపణులను దారిలోనే కూల్చే పేట్రియాట్ క్షిపణి పేరు మాత్రం ఎక్కువమంది ఠక్కున చెప్పారు. యుద్ధాన్ని ఇష్టపడేవాళ్లే టీవీకి ఎక్కువ అతుక్కుపోయి ఉండొచ్చు గదా అని అడగవచ్చు, సమంజసమైన ప్రశ్నే. కానీ గంటల తరబడి చూసినా తెలివిడి పెరగలేదన్నది అప్పటికీ మిగులుతుంది.

ఇక అమీరియా.

బాగ్దాద్ పడమటి వైపున ఉన్న పేట అది. ఇరాన్‌తో యుద్ధం రోజుల్లో కట్టిన కాంక్రీటు రక్షణగృహం ఒకటి అక్కడ ఉంది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు పిల్లల్ని తీసుకుని రాత్రిళ్లు అందులో పడుకునేవారు. 1991 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున నాలుగున్నర ప్రాంతంలో రెండు లేజర్ బాంబులు, ఒక్కొక్కటీ 900 కిలోలు, దాని పైకప్పు మీద పడ్డాయి. మొదటిది కాంక్రీటులో బొక్క చేసింది. రెండోది ఆ బొక్కలోంచి లోపలికి దిగింది. అసలు సిసలు గురి. 400 మందికి పైగా కాలి చనిపోయారు.

ఇరాక్ ప్రభుత్వం మామూలుగా విలేకరుల ప్రతి మాటకూ సెన్సారు పెట్టేది. కువైట్‌లో తన సైన్యం చేసింది ఒక్కటీ చూపించనివ్వలేదు. ఆ పొద్దున మాత్రం తలుపులు తెరిచింది, చూపిస్తే తనకే లాభం గనక. సీఎన్ఎన్ తరఫున ఆర్నెట్, బీబీసీ తరఫున జెరెమీ బోవెన్ అక్కడున్నారు. దుప్పట్లలో చుట్టిన శరీరాలు బయటికి తెస్తుంటే, గోడ పక్కన మొగవాళ్లు తలలు బాదుకుంటుంటే కెమెరాలు తిరిగాయి. అంతకుముందు నాలుగు వారాలు పైనుంచి చూసిన ప్రేక్షకుడు మొదటిసారి నేల మీద నిలబడ్డాడు. అప్పుడు కూడా పూర్తిగా నిలబడనివ్వలేదు. భరించలేనంత ఘోరంగా ఉన్నవాటిని పశ్చిమ దేశాల ఛానెళ్లు కత్తిరించేశాయి. ఆ రక్షణగృహం సైనిక కమాండ్ కేంద్రమని పెంటగాన్ వాదించింది. లోపల మామూలు జనం తప్ప సైనికపరమైనదేదీ తమకు కనబడలేదని విలేకరులు చెబితే, అలా చెప్పడమే నేరమైంది. బీబీసీని బ్రిటన్‌లో ‘బాగ్దాద్ బ్రాడ్‌కాస్టింగ్ కార్పొరేషన్’ అని ఎద్దేవా చేశారు. వియత్నాం రిపోర్టింగుకు 1966లో పులిట్జర్ అందుకున్న ఆర్నెట్‌ను శత్రువు సానుభూతిపరుడని అంతకుముందే ఒక సెనేటర్ నిందించారు.

అయినా ఆ బొమ్మల తర్వాత ఒక పని జరిగింది. బాగ్దాద్ నగరం మధ్య ఏ లక్ష్యం మీద బాంబు వేయాలన్నా పై స్థాయి అనుమతి కావాలన్నారు, నగరం మీద దాడులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. నాలుగు వారాల బాంబు వీడియోలు జనాన్ని ఎంత నమ్మించాయో తెలిసినవాళ్లకే, ఒక్క పొద్దుటి బొమ్మలు ఆ నమ్మకాన్ని ఎంత త్వరగా కోసేయగలవో కూడా తెలుసు.

పేట్రియాట్ సంగతి చెప్పకుండా ఈ భాగం ముగించలేను. సద్దాం ఇజ్రాయెల్, సౌదీల మీదికి స్కడ్ క్షిపణులు వదిలేవాడు. వాటిని దారిలోనే కూల్చడానికి పేట్రియాట్లు లేచేవి. రాత్రి ఆకాశంలో వెలుగు గీత, ఆపైన మెరుపు. మెరుపు కనబడితే తగిలిందనే చూసేవాడు అనుకుంటాడు. ఫిబ్రవరి 15న బుష్ ఆ క్షిపణులు తయారుచేసే రేథియాన్ కర్మాగారానికి వెళ్లి, 42 స్కడ్‌లను ఎదుర్కొంటే 41 ఆపామని ప్రకటించారు. యుద్ధమయ్యాక ఎంఐటీ శాస్త్రవేత్త థియొడర్ పోస్టల్ పనిగట్టుకుని టీవీ వార్తా బృందాలు తీసిన టేపులనే తెప్పించుకుని ఒక్కో ఫ్రేము ఆపి చూశారు. మెరుపు పేట్రియాట్ తనంతట తాను పేలిన మెరుపు. మరుసటి ఫ్రేముల్లో స్కడ్ ముందుకు పోతూనే ఉంది. ఇంకాస్త తర్వాత నేల మీద ఇంకో వెలుగు. అప్పట్లో అందరూ చప్పట్లు కొడుతూ చూసిన బొమ్మల్లోనే ఇదంతా ఉంది. సెకనుకు ముప్పై ఫ్రేముల వేగంలో ఎవరికీ కనబడలేదు. 1992 ఏప్రిల్‌లో ఇది కాంగ్రెస్ కమిటీ విచారణ దాకా వెళ్లింది, 41 అన్న లెక్క మళ్లీ నిలబడలేదు.

1991 ఫిబ్రవరి 25 రాత్రి ధహ్రాన్ దగ్గర ఒక పేట్రియాట్ బ్యాటరీ అసలు లేవనే లేదు. దాని కంప్యూటర్ వంద గంటలుగా ఆపకుండా నడుస్తోంది. లోపలి గడియారం లెక్క కొంచెం కొంచెంగా జారి, అప్పటికి సెకనులో మూడోవంతు తేడా వచ్చింది. అంతలో స్కడ్ అర కిలోమీటరు దాటి పోతుంది. రాడార్ వెతికిన చోట అది లేదు. గిడ్డంగిని మార్చి చేసిన ఒక బ్యారక్ రేకుల కప్పు మీద పడింది. 28 మంది అమెరికన్ సైనికులు చనిపోయారు. గడియారం తప్పును సరిచేసే కొత్త ప్రోగ్రాము ధహ్రాన్‌కు చేరింది మర్నాడు, 26న.

ఆ 28 మందిలో 13 మంది పెన్సిల్వేనియాలోని గ్రీన్స్‌బర్గ్ అనే చిన్న ఊరి రిజర్వు దళంవాళ్లు. వాళ్ల పని నీళ్లు శుద్ధి చేయడం. సౌదీలో దిగి ఆరు రోజులైంది. ఇంకో మూడు రోజుల్లో, ఫిబ్రవరి 28న, యుద్ధం ఆగిపోయింది. ఆ నెల మొదట్లోనే పెంటగాన్ ఒక ఉత్తర్వు వేసింది, డోవర్‌లో శవపేటికలు దిగేటప్పుడు కెమెరాలు ఉండకూడదని. ఆ ఉత్తర్వు పద్దెనిమిదేళ్లు, 2009 దాకా నడిచింది. నీళ్లు శుద్ధి చేసే ఆ పదమూడుమంది పేటికలు డోవర్‌లో దిగడాన్ని ఏ తెరా చూపించలేదు.

(వచ్చే వారం: 1999, ద్రాస్ కొండల కింద మన కెమెరా)